అరవింద్ పూడ్చిన గుంట

సోమవారాలు భర్త అరవింద్‌ను పెనుకొండ స్టేషన్లో దించినప్పుడల్లా మాధవి కళ్ళు బెంగుళూరు బండిలో ఒకే కిటికీని వెతికేవి. ధర్మవరంలో ఎక్కిన యామిని టవలు పరిచి అతనికి సీటు పట్టి ఉంచేది. ఇద్దరూ మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళే, బెంగుళూరులో ఒకే చోట ఖగోళ పరిశోధన చేసేవాళ్ళే. బండి కదలకముందే క్వేజార్ల కబుర్లు మొదలయ్యేవి. హిందూపురం కిరాణా కొట్టువారి బిడ్డ, బడిలో తెలుగు చెప్పే మాధవి, చేయి ఊపి ఇంటిదారి పట్టేది.

అరవింద్ పోయి ఏడాది తిరక్కముందే ఆ యామిని ఇంటికొచ్చి అతని హార్డ్‌డిస్క్ అడిగింది. ఎక్కడో దూరాన, ఒక పెద్ద కృష్ణబిలం చుట్టూ మండుతున్న క్వేజార్ వెలుగును రంగులుగా విడదీసి, కొలిచి గీసిన గీతలో ఒకచోట లోతైన గుంట పడిందట. అరవింద్ దాన్ని యంత్రం లోపమనుకుని, అటూ ఇటూ ఉన్న విలువలతో పూడ్చేశాడట. నిజానికి కృష్ణబిలం దగ్గర్నుంచి మనవైపు దూసుకొస్తున్న వాయువు ఆ వెలుగును దారిలో మింగింది. మనవైపు వస్తోంది కనుకే గుంట నీలం వైపు జరిగి ఉంది. ఆఫీసు కంప్యూటర్లో పూడ్చిన గీతే మిగిలింది. అసలు కొలతలు ఈ డిస్క్‌లోనే ఉన్నాయి.

"పూడ్చకముందు ఒకసారి బండిలో నాకు చూపించినాడక్కా అన్న," అంది యామిని. "మేమంతా అంతే. మగ్గం మీద పడుగులో పోగు తెగితే ఎవురి కంటా పడకముందే అతికేస్తాం. సందు కనపడితే మా చెయ్యి ఊరుకోదు."

ఆ 'మేము' మాధవికి ముల్లులా దిగింది. ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆ చేతి అలవాటు తనకు తెలియలేదు. పక్కసీటు పిల్లకు తెలిసింది. కాఫీ ఇచ్చి, డిస్క్ కనబడలేదని చెప్పి పంపేద్దామనుకుంది.

ఆమె మొహం చూసి యామిని గొంతు తగ్గించింది. పూడ్చింది అన్న అని పరిశోధన పేపర్లో రాయననీ, తప్పును సాఫ్ట్‌వేర్ మీదికి తోసేస్తాననీ, రాసినవాళ్ళ పేర్లలో అన్న పేరే ముందు పెడతాననీ చెప్పింది.

"నాకు తెలిసింది నా కడుపులోనే ఉంటాదిలే అక్కా."

మాధవికి అప్పటిదాకా రాని కోపం వచ్చింది. తన భర్త గుట్టు ఈమె కడుపులో భద్రంగా పెరుగుతూ ఉంటుందన్నమాట.

"ఎవురు దాచమనిరి నిన్ను? ఆయన తప్పు దాచాలన్నా చెప్పాలన్నా నేనుండాను."

"చెప్తే అన్ననే అంటారు గదక్కా."

"అననీ. అరవింద్ పూడ్చినాడనే రాయి. నాకు చూపించినాకనే పంపించు."

బీరువాలోంచి డిస్క్ తెచ్చింది గానీ చేతికివ్వలేదు. ఇక్కడే ల్యాప్‌టాప్‌కు తగిలించి చూపించమంది. తెర మీద గీత ఎగుడుదిగుడుగా పాకుతూ వచ్చింది. యామిని వేలు పెట్టి చూపబోయింది.

మాధవి ఆ వేలిని పక్కకు నెట్టింది.

"నువ్వు చెప్పొద్దు," అని కళ్ళజోడు సర్దుకుని, గీత వెంట ఆ గుంటను తానే మెల్లగా వెతకసాగింది.