పంచవర్ణం విత్తిన సాళ్లు

విరుదునగర్ బస్టాండులో కోవిల్‌పట్టి బస్సెక్కి కూర్చున్నాక బృంద నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని నాయనకు ఫోను చేసింది. రంగసామి ఆ పొద్దున్నే చేలోకి వెళ్లి ఎనిమిది సాళ్ల మొక్కజొన్న మొలకలు లెక్కపెట్టి వచ్చాడు. సాళ్ల మొదట్లో పాతిన గుర్తుపుల్లలను బట్టి ఒకటో పుల్ల నలభై ఒకటి, రెండో పుల్ల నలభై తొమ్మిది అంటూ వరసగా చెప్పుకుపోయాడు. ఏ పుల్ల దగ్గరి సాలు ఎవరు విత్తారో ఆయనకు చెప్పలేదు. అది బృంద పుస్తకంలో మాత్రమే ఉంది. ఫోను పెట్టేసి కూడింది. బొమ్మక్క విత్తిన నాలుగు సాళ్లలో రెండు వందల గింజలకు నూట అరవై ఎనిమిది మొలిచాయి. పంచవర్ణత్త విత్తిన నాలుగింటిలో రెండు వందలకు నూట తొంభై ఆరు.

అత్త ఓడిపోకూడదనే బృంద రెండు వారాలుగా కోరుకుంటోంది. ఇప్పుడు మాత్రం ఆ అంకె చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఇద్దరూ విత్తింది ఒకే బస్తా గింజలు, అవి అంతగా మొలిచేవి కావు.

పంచవర్ణం రంగసామికి చెల్లెలు. పదకొండేళ్ల కిందట ఒక ఏడు ఆమె మూడెకరాలు విత్తితే సగం కూడా మొలవలేదు. ఆ మాట ఊరంతా పాకింది. పంచవర్ణం చెయ్యి విత్తనానికి అచ్చిరాదన్నారు. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. విత్తే రోజు వచ్చిందంటే చాలు, గింజల గంపకు బదులు వంటగిన్నె ఆమె చేతికిచ్చేవారు. కలుపుకు ఆమె కావాలి, కోతకు కావాలి, కంకులు ఒలవడానికి కావాలి. విత్తడానికి మాత్రం బొమ్మక్కను పిలిచేవారు. బొమ్మక్కది కైరాసి, అదే హస్తవాసి, ఉన్న చెయ్యి, ఆమె వేసిన గింజ వృథా పోదని పేరు.

ఈ ఏడు తూర్పు గట్టు పక్కనున్న రెండెకరాలు తనకు విడిచిపెట్టమని పంచవర్ణం అన్నను అడిగింది. తానే విత్తుకుంటాను, పండింది తానే తీసుకుంటానంది. రంగసామి లేదనలేదు, సరేననలేదు. మీసం దువ్వుకుంటూ, విత్తేది ఎవరన్నాడు.

అప్పుడు కలగజేసుకుంది బృంద. ఆమె విరుదునగర్‌లో ఒక ప్రైవేటు బడి లాబొరేటరీలో సహాయకురాలు. పిల్లలు ప్రయోగం మొదలుపెట్టక ముందే ఫలితం పుస్తకంలో చూసి రాసేసుకుంటుంటే, గాజుగొట్టాలు కడుగుతూ నోరు మూసుకుని చూస్తూ ఉంటుంది. ఇంట్లో మాత్రం ఊరుకోలేకపోయింది. మొలకలు రాని ఆ ఏడు ఇంకేమేమి మారాయని నాయనను గుచ్చి గుచ్చి అడిగింది. విత్తనం కొత్త అంగడిలో తెచ్చారట. వాన పడిన నాలుగో రోజుకు గాని విత్తలేదట. చేలో చీమలు కూడా ఎక్కువేనట.

“ఇన్ని మారితే చెయ్యి ఒక్కదాన్నే ఎట్లా పట్టుకుంటిరి నాయినా?” అంది.

“కంటికి తెలిసింది అదొక్కటే గదమ్మి” అన్నాడాయన.

అయితే చెయ్యి ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఒకటిగా ఉంచి చూద్దామంది. ఒకే బస్తా గింజలు బాగా కలిపి, ఒకే చేలో, ఒకే పొద్దున, ఎనిమిది సాళ్లు. సాలుకు యాభై గుంటలు, గుంటకు ఒక గింజ. గట్టు వైపు తేమంతా ఒకరికే దక్కకుండా ఎవరికి ఏ సాలో చీట్లు తీసింది. విత్తేటప్పుడు నాయనను ఎరువుల కోసం కోవిల్‌పట్టికి పంపించింది. లెక్కపెట్టేవాడికి సాలు ఎవరిదో తెలిస్తే కళ్లు పక్షపాతం చేస్తాయని ఆమె భయం. అంతకు ముందే అదే బస్తాలోని యాభై గింజలు తడి గోనెసంచిలో చుట్టిపెడితే నలభై మూడు మొలకెత్తాయి. నూటికి ఎనభై ఆరు. బొమ్మక్క ఆ గోనెను కాలితో తోసి, కైరాసి బూమికిదా, గోనెకు కాదు అనేసింది.

మొదటి ఆదివారం బృంద ఊరికి రాలేకపోయింది. బడిలో పరీక్షల పని ఉందని ఆపేశారు. ఆ ఒక్క వారంలోనే ఏదో జరిగింది.

బస్సు దిగి ఇంటికి పోకుండా, భుజాన సంచీతోనే చేలోకి నడిచింది. చూడగానే తెలిసిపోయింది. బొమ్మక్క సాళ్లలో మొక్కలన్నీ ఒకే ఈడువి, సందులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్త సాళ్లలో నాలుగైదు ఆకుల మొక్కల మధ్య అక్కడక్కడ రెండాకుల పిల్లమొక్కలు నిలబడి ఉన్నాయి. గుంటకు గుంట వంగి చూసింది. పిల్లమొక్కలు ఇరవై ఆరు. ఖాళీ గుంటలు నాలుగు. అవి తీసేస్తే మొదట మొలిచినవి నూట డెబ్బై. బొమ్మక్కవి నూట అరవై ఎనిమిది.

ఇద్దరి చేతులూ ఒకటే. పదకొండేళ్లుగా ఎవరికీ తెలియని సంగతి ఆ మట్టిలోనే, అంత చక్కగా రాసిపెట్టినట్టు ఉంది. దానిమీద మళ్లీ మన్ను కప్పింది అత్తే. ఇక ఆ అంకె నోటితో చెప్పినా ఎవరూ నమ్మరు. నమ్మించే హక్కు తనకూ లేదనిపించింది. ఫలితం చూశాక తీసివేతలు మొదలుపెడితే, పుస్తకం చూసి రాసుకునే బడిపిల్లలకు, తనకు తేడా ఏముంది? ఇంకోసారి చేసి లెక్కపెట్టేసరికి విత్తే అదను దాటిపోతుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.

పంచవర్ణం మేకకు గడ్డి కోసుకుంటూ అటే వచ్చింది. బృంద పిల్లమొక్క వైపు వేలు చూపింది. అత్త కొడవలి గట్టు మీద పెట్టింది.

“ఆరో నాడు పొద్దు పొడవక ముందే వచ్చి చూస్తిని. సందులు ఉండాది. ఆ బస్తా గింజలే తెచ్చి పూడిస్తి” అంది.

“ఎందుకత్తా? ముట్టకుండా ఉంటే నువ్వు ఓడిపోయేదానివి కాదు. బొమ్మక్కవ్వ సాళ్లలో కూడా అన్నే సందులు ఉండాది.”

“ఆమె సందులు చీమ తినింది, కాకి ఏరుకునింది అంటారు. నా సందులు నా చెయ్యి అంటారు. పదకొండేళ్లుగా వింటా ఉండాను. ఓడిపోనని నీకు మాత్రం ముందే తెలుసునా? చూస్తేదా తెలుస్తుందని నువ్వేదా చెప్తివి” అంది.

బృంద సంచీ సర్దుకుని ఇంటివైపు నడిచింది.

ఇంటికి వచ్చి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. నలభై ఏళ్లుగా ఈ నల్లరేగడిలో తిరుగుతున్నవాడికి పూడ్చిన గింజ తెలియదా అన్నాడు. పూడ్చిన సాళ్లు ఎవరివో కూడా ఆయనకు అక్కడే తెలిసిపోయిందట. తెలిసీ అన్నీ కలిపే చెప్పాడు. చెల్లెలికి రెండెకరాలు ఇవ్వాలని ఆయనకూ ఉంది, ఊరికి చూపించడానికి ఒక అంకె కావాలి, దొరికింది. కాఫీ అంగడిలో అప్పుడే నలుగురికీ చెప్పేశాడు కూడా.

“అది అబద్ధం నాయినా.”

“మంచికేదా అయింది, విడు.”

అబద్ధం అవసరమే లేదని, నిజమే అత్త పక్షాన ఉందని బృంద గొంతు పోయేదాకా చెప్పింది. గోనెలో ఎనభై ఆరు, బొమ్మక్కకు ఎనభై నాలుగు, అత్తకు ఎనభై ఐదు, చివరికి పూడ్చిన ముప్పైకి ఇరవై ఆరు కూడా ఆ లెక్కేనని పుస్తకం తెరిచి చూపించింది. ఎవరు వేసినా, ఎప్పుడు వేసినా ఆ బస్తా గింజ అంతే. రంగసామి పుస్తకాన్ని మర్యాదగా చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడు కైరాసి పంచవర్ణానిదన్నాడు. బృంద పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనుకుంది. చేతికి పట్టిన దెయ్యాన్ని వదిలిద్దామని చూస్తే అది ఇంకో చెయ్యి మీదికి ఎక్కి కూర్చుంది.

ఆ సాయంకాలమే రెండో వాన పడింది. అన్నం తినేటప్పుడు పంచవర్ణం మెల్లగా అడిగింది, రేపు రెండెకరాలు విత్తితే అందులో కూడా సందులు పడతాయా అని. నూటికి పద్నాలుగు పడతాయంది బృంద.

“పడినాక చెప్తే ఎవురు వింటారు?” అంది అత్త.

తెల్లవారి తూర్పు గట్టు మీద జనం బాగానే చేరారు. పంచవర్ణం విత్తడం చూడాలని కొందరు, వీలైతే రేపు తమ చేలోకి పిలవాలని కొందరు. బొమ్మక్క ఆకువక్క నములుతూ ఎడంగా కూర్చుంది. రంగసామి దండం పెట్టుకుని గింజల గంప చెల్లెలి చేతికిస్తుండగా బృంద ముందుకు వచ్చింది. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని పిల్ల, అరిచినట్టే చెప్పింది.

“ఈ గింజలు నూటికి పద్నాలుగు మొలవవు. అత్త వేసినా మొలవవు, ఎవరు వేసినా మొలవవు. ఇప్పుడే వినండి.”

“విత్తే పూట ఏం మాట అది” అని రంగసామి పళ్లు కొరికాడు. పంచవర్ణాన్ని పిలవాలని వచ్చిన ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని జారుకున్నారు.

“నేను వేసినా అంతేనా?” అంది బొమ్మక్క కూర్చున్న చోటి నుంచే.

“అంతే అవ్వా. నీ రెండు వందల్లో ముప్పై రెండు పోయింది.”

“నా సందులు ఇన్నాళ్లూ ఎవురూ ఎంచింది లేదే” అంది ముసలామె. ఆకువక్క ఉమ్మేసి, కొంగు దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా ఊరి దారి పట్టింది. ఆమెకు పూస గుచ్చినట్టు చెప్పి ఒప్పించాలని బృందకు ఉంది. అడుగు ముందుకు పడలేదు.

రంగసామి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. పంచవర్ణం తాడు లాగి కట్టి, చీర చెక్కుకుని, మొదటి గుంటలో గింజ వేసి మన్ను కప్పింది. రెండో గుంట దగ్గర తలెత్తింది.

“అమ్మీ, పూడ్చేదానికి నాలుగు పిడికిళ్లు వేరే తీసిపెట్టు. ఈ తడవ పగటిపూటేదా వచ్చి పూడుస్తా.”