రామచంద్రయ్య ఇంటి ముందు హక్కుల సభ

ఇల్లు చేజారింది తనవల్లేనని బుజ్జమ్మ మూడు వారాలుగా కుమిలిపోతోంది. కూతురు రెబెకాకు ఖిల్లా ఘణపూర్ దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. కాన్పు ఏ వేళకొస్తుందో ఎవరికి తెలుసు? నెలలోపు దగ్గర్లో ఇల్లు చూసుకోకపోతే వేరే నర్సును పంపమని అడుగుతానంది డాక్టరమ్మ. దవాఖాన వెనకే రామచంద్రయ్య ఇంటికి టులెట్ బోర్డు వేలాడుతోంది.

చూడ్డానికి వెళ్లినరోజు రెబెకా దర్జాగా గుమ్మం దాకా నడిచి, అక్కడ చెప్పులు విడిచింది. వెనకాలే వచ్చిన బుజ్జమ్మ మాత్రం గేటు బయటే, వీధిలోనే విడిచేసింది. తిమ్మాజిపేట దగ్గరి సొంతూళ్లో పెద్దిళ్లకు కూలికి వెళ్లిన కాళ్లవి. ఆలోచించి చేసిన పని కాదు. అంతవరకూ నల్లా నీళ్లు ఎన్నింటికొస్తాయో చెబుతున్న రామచంద్రయ్య ఆ చెప్పుల వంక చూసి గొంతు మార్చాడు.

“మీరేమోళ్లమ్మా?”

“ఎస్సీలమయ్యా,” అంది బుజ్జమ్మ.

“మీకియ్యనీకె నాకేం లేదు గని, ఇంట్ల ముసలోళ్లు ఒప్పుకోరు. ఏమనుకోకుండ్రి.”

ఏమనుకోకూడదట! మనిషిని మనిషిగా చూడనని మొహం మీదే చెప్పి, పైగా మర్యాద కూడాను.

“అడిగినోనిది తప్పు, నీదేందమ్మా?” అని రెబెకా ఎంత చెప్పినా బుజ్జమ్మ మనసు కుదుటపడలేదు. ఊరి చివర ఎస్సీ కాలనీలో, బుజ్జమ్మ చెల్లెలు హెప్సిబా ఒంటిగది ఇంట్లో తల్లీకూతుళ్లు సర్దుకుంటున్నారు.

ముప్పయ్యో తేదీన కాలనీలో పౌరహక్కుల దినం పెట్టారు. అధికారులు రావడం, అంటరానితనం నేరమని చెప్పడం, చాయ్ తాగి వెళ్లడం బుజ్జమ్మ తన ఊళ్లో చూసిందే. వినేవాళ్లంతా ఆ నేరాన్ని భరించేవాళ్లు. చేసేవాళ్లు మాత్రం హాయిగా ఇళ్లలో ఉంటారు.

కొత్తగా వచ్చిన తాసిల్దారు మాలతి మాటలు ముగించగానే రెబెకా లేచింది. “కూసో బిడ్డా, నౌకరి పోతది,” అంటూ బుజ్జమ్మ ఆమె చున్నీ పట్టి లాగింది.

రెబెకా కూర్చోలేదు. “మేడం, ఈ ముచ్చట మాకు తెల్వంది కాదు. నాకు ఇల్లియ్యనోళ్లు ఇంకో వీధిల ఉన్నరు. వాళ్లు విన్నరా? ఈ సభ అక్కడ పెట్టుండ్రి.”

మాలతి రెబెకా వైపు తిరిగింది. “ఎంత దూరం?”

“దవాఖాన ఎనక, మేడం.”

“నడుద్దాం పదండి. కుర్చీలు కూడా తీసుకురండి.”

తాసిల్దారు పక్కన రెబెకా, వాళ్ల వెనక సభకొచ్చిన ఎస్సై, ఆ వెనక కుర్చీలు నెత్తిన పెట్టుకున్న కాలనీ జనం. అంగళ్లవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. ఖిల్లా గుట్ట కదిలి వీధిలోకి దిగినా బుజ్జమ్మ అంతగా నోరెళ్లబెట్టేది కాదు. తన కడుపున పుట్టిన పిల్లేనా ఇది! ఆనందమో భయమో తెలియక ఆమెకు కళ్లు చెమర్చాయి.

రామచంద్రయ్య ఇంటి ముందు కుర్చీలు పడ్డాయి. కులం అడిగి ఇల్లు ఇవ్వకపోతే కేసవుతుందని మాలతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి వినవలసినవాళ్లు విన్నారు.

రామచంద్రయ్య చెమట తుడుచుకున్నాడు. “ఇల్లు ఖాళీగనే ఉంది మేడం. ఇయ్యాల్నే తాళంచెవి తీస్కొమ్మనుండ్రి.”

రెబెకా చెయ్యి చాపబోయి ఆగింది. “అమ్మా, ఏం చేద్దాం?”

అందరూ బుజ్జమ్మ వైపు తిరిగారు. బుద్ధెరిగాక ఆఫీసర్ల ముందు ఆమె నోరు విప్పింది లేదు. అయినా మాట వచ్చేసింది.

“ఇల్లు తీస్కో బిడ్డా. ఫిర్యాదు గుడ రాసియ్యి.”

“ఇస్తున్న గదమ్మా, మల్ల ఫిర్యాదెందుకు?” అన్నాడు రామచంద్రయ్య.

“ఇంతమంది వచ్చిండ్రని మాకిస్తున్నవయ్యా. రేపు ఇంకో పిల్ల ఒక్కతే వస్తది. ఆ పిల్లకెవరున్నరు?”

అప్పటిదాకా తల్లికి ధైర్యం చెబుతూ వచ్చిన రెబెకా, ఆమెను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. మాలతి లేచి తన కుర్చీని బుజ్జమ్మ వైపు జరిపింది.

“కూర్చోమ్మా. ఏం జరిగిందో చెప్పు, రాసుకుంటాం.”

బుజ్జమ్మ కూర్చుంది. రామచంద్రయ్య నిలబడే ఉన్నాడు.