మంచుకొండ, నల్లగుర్రం

ఇంకో పెట్టెకు వైరు తగిలించి శ్యాంసుందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. తెర మీద మళ్లీ మంచుకొండ వచ్చింది. ఎండ పడినచోట మంచుగడ్డల అంచులు కనిపించాలి. అంతా తెల్లగా అలుక్కుపోకూడదు. తరువాత లాంతరు వెలుగులో నల్లగుర్రం. దాని మెడమీది వెంట్రుకలు చీకట్లోనూ విడివిడిగా తెలియాలి. వీడియో రెండు నిమిషాలే. తెలుపూ నలుపూ రెండూ నిలిస్తే పెట్టె మంచిదన్నట్టు.

సూర్యాపేటలో మేడ మీది గది అది. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. జనం టీవీలకు తగిలించుకుని సినిమాలు చూసే స్ట్రీమింగ్ పెట్టెలు చెడిపోతే, కింద షాపులో శ్రీనివాస్ బాగుచేసి పైకి పంపుతాడు. వాటిలో హెచ్‌డీఆర్ బొమ్మ, అంటే వెలుగునూ చీకటినీ వివరంగా చూపే బొమ్మ, సరిగా వస్తోందో లేదో చూసి సంతకం పెట్టడం శ్యాంసుందర్ పని. అరవై రెండేళ్ల మనిషి. సన్నటి మెడ, ఎడమకంటి కింద ఉబ్బు. మిర్యాలగూడలో బావమరిది రైస్‌మిల్లులో ఇరవై ఆరేళ్లు బియ్యం రంగు చూశాడు. గింజల్ని రంగు చూసి ఏరే మిషన్ వచ్చాక ఇంటికి పంపారు. అప్పుడేమీ అనిపించలేదు. భార్య పోయినప్పుడూ ఏడుపు రాలేదు. మంచుకొండ మీద ఎండను రోజుకు నలభైసార్లు చూస్తాడు. అందంగా ఉందని ఒక్కసారీ అనుకోలేదు.

ఈసారి గుర్రం మెడ బూడిదరంగులో కనిపించింది. పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పెట్టెల్లో ఇది మొదటిది. రెండోదీ, మూడోదీ అంతే.

పెద్దాయన్ని మర్యాదకు సేటూ అని పిలిచే శ్రీనివాస్ మెట్లెక్కి వచ్చాడు. "సేటూ, అయిపోయినయా? కోదాడ ఆటో వచ్చి నిలవడ్డది."

"ఇయ్యి పంపకు. నలుపు పోయింది."

"మూలకు హెచ్‌డీఆర్ అని పడుతుంది గద. ఇంకేం గావాలె?"

"పేరు వస్తుంది. బొమ్మ వస్తలేదు."

శ్రీనివాస్ వంగి చూశాడు. "నాకేం ఫరక్ కొడ్తలేదు. కోదాడ షాపాయనకు మాటిచ్చిన."

"ఇస్తే ఇచ్చినవ్. నేనైతే సంతకం పెట్ట."

గొంతులో కోపం లేదు. ఇక్కడ పనికి కుదిరిన ఈ ఆరేళ్లలో ఆయన కాదనడం ఇదే మొదలు. శ్రీనివాస్ "నీతోని పెద్ద పరేషాన్," అని మూడు పెట్టెలూ చంకన పెట్టుకుని దిగిపోయాడు. ఆటో ఖాళీగా వెళ్లిన చప్పుడు వినిపించింది.

ఒంటిగంటకు కోదాడ నుంచి కూతురు అమూల్య ఫోన్ చేసింది.

"తిన్నారా నాన్నా?"

"తిన్న."

తినలేదు. ఛాతీలో బరువుగా ఉంది.

"ఆదివారం వస్తారా?"

"సూస్త."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, పక్కనున్న పాత పెట్టెకు వైరు తగిలించాడు.

మూడింటికి శ్రీనివాస్ మళ్లీ వచ్చాడు. "నువ్వన్నదే నిజం సేటూ. పాత సాఫ్ట్‌వేరే ఎక్కించిన. సూడు." తనే వైరు మార్చాడు. లాంతరు వెలిగింది. గుర్రం మెడమీద ఒక్కొక్క వెంట్రుకా తేలింది. ఈసారి తనకూ తేడా తెలిసింది. "అబ్బ, ఇప్పుడు కనవడుతుంది," అంటూ వెనక్కి తిరిగాడు.

శ్యాంసుందర్ తల కుర్చీ వీపుకు ఆని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

దవాఖానలో, ప్రాణం పోయి గంట దాటిందన్నారు. సాయంత్రం అమూల్య వచ్చి తండ్రిని తీసుకుపోయింది.

మర్నాడు శ్రీనివాస్ గది తలుపు తీశాడు. బల్ల కింద ప్లాస్టిక్ సంచిలో శ్యాంసుందర్ ఇంటికని కొన్న రెండు బీరకాయలు, పక్కన వాడిపోయిన కొత్తిమీర కట్ట.