వాండి వాటా అన్నం

బో పట్నంలో లారీల అడ్డా వెనకున్న కాడీ ఇంట్లో రోజూ సాయంత్రం ఒకటే తంతు. అన్నం ఉడకగానే మొదటి గరిటె వాండి గిన్నెలో పడాలి. కాడీ కొడుకు వాండి ఇంట్లో లేడు. వజ్రాల కోసం గుంటలు తవ్వడానికి కోనో వెళ్ళి ఏడు నెలలైంది. అయినా వాటా వాటాయే. ఇంటి మగవాడు ఎక్కడున్నా అతని వంతు తీసిపెట్టని ఇల్లాలిని ఆ వాడలో ఇల్లాలిగానే లెక్కించరు.

కోనోలో తిండి కుదరని రోజున వాండి అక్కడుండే ఆ గిన్నెలోంచి తినేవాడు. తెల్లారేసరికి పిడికెడో రెండు పిడికెళ్ళో తగ్గి ఉండేది. దూరాన ఉన్నవాళ్ళు అలా తినడం ఆ వాడలో కొత్తేమీ కాదు. పక్కింటావిడ మొగుడైతే నడిసముద్రంలో ఓడమీంచి తినేవాడు, అదీ చేపముక్కలు ఏరుకుని మరీ.

అత్తాకోడళ్ళకి పేచీ అంతా ఆ గిన్నె దగ్గరే. కోడలు బైందు దానికి మూత పెట్టి, రెండు పాత గుడ్డలు చుట్టి, బొగ్గుల కుంపటి పక్కన దాచేది. మొగుడు ఏ వేళప్పుడు చెయ్యి పెట్టినా వెచ్చగా తగలాలని ఆమె ఆశ. అత్త కాడీ అడ్డాలో చల్లటి నీళ్ళ ప్యాకెట్లు అమ్ముతుంది. మిగిలిన అన్నాన్ని ఆమె వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే డబ్బాకెత్తి, ఐసు పెట్టెలో అమ్ముడుపోని ఐసు ప్యాకెట్ల మధ్య సర్దేది. పొద్దున్నే ఎర్ర పామాయిలు, ఉల్లిపాయ, మిరపకాయ వేసి పొగలు కక్కేదాకా వేయించి ఇద్దరి కడుపూ నింపేది. అప్పటికీ మిగిలింది కోళ్ళకే. ఒకసారి వేడిచేసిన అన్నాన్ని మళ్ళీ పొయ్యెక్కించడం ఆమెకి గిట్టదు.

"వాడిది కూడా ఇందులో పెట్టనియ్యవే," అనేది కాడీ. "రాత్రంతా గోరువెచ్చగా ఉన్న అన్నం మంచిది కాదు. వాసన రాకపోయినా లోపల పాడైపోతుంది."

"కన్నకొడుక్కి ఐసన్నం పెడతావా అత్తా? నీకు మనసెలా ఒప్పుతుంది?"

"నా మనసు సంగతి తర్వాత. వాడి కడుపు సంగతి చూడు."

బైందు వినలేదు. ప్రేమ ఎక్కువైనవాళ్ళకి చెవులు తక్కువ.

వానలు మొదలైన వారం, కోనోకి లారీ తోలే సాహర్ గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"వదినా, అన్నకి ఒంట్లో బాగుండట్లేదు. వాంతులు, కడుపునొప్పి. ఈ నెల్లో మూడోసారి. విచిత్రమేంటంటే, పస్తు పడుకున్న రోజుల్లోనే వస్తోందంట."

బైందు ముఖం పాలిపోయింది. పస్తున్న రోజుల్లో వాండి తిన్నది ఎవరు దాచిన అన్నమో వేరే చెప్పాలా? అత్త ఇప్పుడు దెప్పిపొడుస్తుందని ఎదురుచూసింది. కాడీ మాత్రం గిన్నెకి చుట్టిన గుడ్డలు విప్పి, మడతపెట్టి, పక్కన పెట్టింది. దాంతో బైందుకి ఏడుపు ఆగలేదు.

"చేతులారా నేనే పెట్టానత్తా ఆ రోగం."

"నువ్వు ప్రేమే పెట్టావులే. చల్లారనివ్వలేదు, అంతే. లే, పళ్ళెం అందుకో."

ఆ రోజు నుంచి వాండి వాటా కూడా ఐసు పెట్టెలోకే వెళ్ళింది. పొద్దున్నే దాన్ని బాగా వేయించి, మరగకాచిన కర్రపెండలం ఆకు కూర ఓ పక్కన వేసి, అతను కూర్చునే చోట పెట్టేది బైందు. మూడు రోజులు ఎవరూ ముట్టలేదు. నాలుగోరోజు, ఆవిర్లు లేస్తుండగానే అన్నం మధ్యలో గుంట పడింది. తర్వాత ఇంకోటి. ఏడు నెలల తర్వాత మొగుడు తింటుంటే ఎదురుగా కూర్చుని చూసిందామె.

"మెల్లగా. నోరు కాలుతుంది," అంది గిన్నెతో.

ఇదివరకు మెత్తగా ముద్దైపోయిన అన్నంలో ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు మెతుకుకి మెతుకు విడిగా ఉండి, వేళ్ళ గుంటలు అచ్చు గుద్దినట్టు పడేవి. ఆ గుంటలు చూసుకున్నాకే బైందు బజారుకి బయల్దేరేది. సాహర్ కూడా అన్న కోలుకున్నాడని కబురు తెచ్చాడు.

పది రోజులు పోయాక ఒక పొద్దున అన్నం గిన్నె బయట చిందింది. పసివాడు తిన్నట్టు మెతుకులు చాప మీద పడ్డాయి. బైందు వంగి చూసింది. తన కుడిచెయ్యి ఆ గుంటల్లో పెట్టింది. కుదరలేదు. ఎడమచెయ్యి పెట్టింది. కుదిరింది.

"అత్తా, ఎడమచేత్తో తిన్నాడు."

"నా కొడుకా? ఛ! వేళ్ళమీద కొట్టి నేర్పాను వాడికి. చచ్చినా ఎడమచెయ్యి గిన్నెలో పెట్టడు."

"అందుకే చెప్తున్నా. కుడిచేతికి ఏదో అయింది."

కాడీ గరిటె పక్కన పడేసింది. "మరి ఇంకా కూర్చున్నావేమే? సాహర్ బండి తీస్తున్నాడు, పరిగెత్తు!"

కోనోలో వజ్రాల గుంటల పక్కన టార్పాలిన్ పట్టా గుడిసెలో దొరికాడు వాండి. కుడి అరచెయ్యి పార తగిలి తెగి, మాసిన గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వాపు మోచేయి దాకా ఎగబాకింది. ఒళ్ళు కాలిపోతోంది.

"వట్టి చేతులతో ఇంటికెలా రానే?" అన్నాడు తల తిప్పుకుని.

"ముందు చేతులంటూ మిగలనీ," అంది బైందు, అతన్ని లేపి భుజం మీద వేసుకుంటూ.

ఆస్పత్రిలో గాయం కోసి, చీము తీసి, కట్టుకట్టారు. "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెయ్యి తీసెయ్యాల్సి వచ్చేది," అంది నర్సమ్మ. "సమయానికి నీకెవరు కబురు చెప్పారమ్మా?"

"ఆయనే," అంది బైందు.

మధ్యాహ్నం వేడన్నం తెచ్చి, కూర కలిపి, ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది. వాండి అటూ ఇటూ చూశాడు. వార్డులో మగాళ్ళంతా ఇటే చూస్తున్నారు.

"ఏంటిది బైందూ, నలుగురూ చూస్తుంటే..."

"చూస్తే చూడనీ. ఇన్నాళ్ళూ నువ్వు తింటుంటే చూశాను గానీ, నీ ముఖం కనబడలేదు."

వాండి నోరు తెరిచాడు.