ఎవరి పేడ

ఊరందరికీ కలిపి ఒకటే గోబర్ గ్యాస్ ప్లాంటు కడతామనీ, అన్ని పేటల పేడా ఒకే గోతిలో వేస్తే ఇంటింటికీ గొట్టంలో గ్యాస్ వస్తుందనీ చెప్పి చెప్పి, కోటబొమ్మాళి నుంచి జీపులో వచ్చిన ఇంజనీరుకు గొంతు ఆరిపోయింది. అప్పుడు పెద్దరైతు కూర్మయ్య కండువా దులుపుకుని లేచాడు.

"అందరి పేడా కలిపీడమేటి బాబూ? ఆ కింద పేటోల్ల పేడతో వచ్చిన మంట మీద మా ఆడోల్లు అమ్మోరికి పరవాన్నం వండాలా? మాకొద్దు."

"మాకూ వద్దు," అన్నారు జనమంతా.

గంగిరెద్దుల మంద, ఒకటి తలూపితే అన్నీ ఊపుతాయి అనుకుంది లక్ష్మణమ్మ. పాతికేళ్లుగా ఆ ఊరికి పిడకలు అమ్ముతున్న మనిషి ఆమె. ప్లాంటు రాకపోతే తన బేరం నిలబడుతుంది కాబట్టి నిజానికి సంతోషించాలి. కానీ ఆ మొహాలు చూస్తుంటే ఉమ్మెయ్యాలనిపించింది.

ఇంజనీరు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఊరి పరువు తానే కాపాడినట్టు మీసం దువ్వుకుంటూ కూర్మయ్య ఆమె వైపు తిరిగాడు.

"లచ్చనమ్మా, అమ్మోరి పండక్కి రెండొందల పిడకలు కావాల. మంచివి తే."

"తెస్తాను బాబూ," అంది ఆమె, అందరికీ వినబడేలా. "ఏ పేట పేడతో సెయ్యాలో ఇప్పుడే సెప్పీండి. ఇన్నాళ్లూ నాకు తెలీక, బుట్టట్టుకుని అన్ని పేటలూ తిరిగి ఎత్తి, అంతా కలిపే పిసికీసినాను. ఆ మంట మీద పరవాన్నం అమ్మోరు తింది, మీరూ తిన్నారు. కడుపునొప్పని ఎవులూ రానేదు."