మూడో అల్లుడి గొంతు

మా మామగారు నాకు పిల్లనిచ్చింది నన్ను చూసి కాదు, నా మాంసం కొట్టు చూసి. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన నా చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు. "ఏం చేస్తుంటావు బాబూ?" అన్నారు. ఏమంటారో ఏమోనని నసుగుతూ, "మాంసం కొట్టండీ" అన్నాను. ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచి నన్ను వాటేసుకున్నారు.

"ఏమే, విన్నావా? మాంసమట, మాంసం!" అని వంటింటి వైపు కేకేశారు.

"బంగాళాదుంప వండాను. ఇప్పటికిప్పుడు మాంసం ఎక్కణ్ణించి తెచ్చేది?" అన్నారు అత్తగారు లోపల్నించి.

సంగతేమిటంటే, మామగారు కాలేజీలో సెమిటిక్ భాషలు చెప్పి రిటైరయ్యారు. హీబ్రూ, అరబ్బీ, వాటి అక్కచెల్లెళ్ళు. ఆ భాషల్లో చాలా మాటలకి లోపల ఎముకల్లాగా మూడు హల్లులుంటాయట. చుట్టూ అచ్చులు మార్చుకుంటూ పోతే కొత్త మాటలు పుట్టుకొస్తాయట. మామగారికి ప్రాణమంతా 'ల-హ-మ' మీదే. ఆ భాషలన్నీ ఒక్కటిగా ఉన్న రోజుల్లో దానికి బహుశా తిండి అని అర్థం. తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. హీబ్రూలో అది 'లెహెమ్', అంటే రొట్టె. అరబ్బీలో 'లహ్మ్', అంటే మాంసం. ఎవరి కడుపు ఏది నింపితే దానికే ఆ పేరు అతుక్కుపోయింది అంటారాయన.

వాళ్ళ పెద్దమ్మాయి అప్పటికే ఓ బేకరీ ఆయన్ని ఇష్టపడి చేసుకుంది. అప్పుడు మామగారికి ఏమీ తట్టలేదు. నేను తగిలాకే బుర్రలో దీపం వెలిగింది. ఒక అల్లుడు రొట్టె, ఒక అల్లుడు మాంసం! సముద్రం మధ్య ఓ దీవిలో సొకోత్రీ అనే భాష ఉందట, అందులో అదే మాటకి చేప అని అర్థమట.

"చిన్నదానికి చేపల వ్యాపారం చేసేవాణ్ణే చూస్తాను" అని తేల్చేశారు.

"నేను కన్నది ఆడపిల్లల్ని. మీ నిఘంటువులో పేజీల్ని కాదు" అన్నారు అత్తగారు. ఆయన ఆ పేజీల్లోనే ఉన్నారు, వినలేదు.

ఇలా ఉండగా ఓ రోజు మా మరదలు, అంటే ఆ చిన్నమ్మాయే, నా కొట్టుకి వచ్చింది. "బావా, ఆ కత్తి కాస్త కింద పెట్టు" అంది. పెట్టాను. ఊరి చివర ఆవుల్ని పెట్టుకుని పాలమ్మే ఒకతన్ని ప్రేమించానని చెప్పింది. పొడుగ్గా, మాట్లాడటానికి సిగ్గుపడుతూ ఉంటాడే, అతనే.

"నాన్నతో నువ్వే చెప్పాలి బావా. మాంసం అల్లుడంటే ఆయనకి గురి."

నాకూ హుషారొచ్చింది. ఎందుకంటే గీజ్ అనే పాత భాషలో ఆవుని 'లాహ్మ్' అంటారని మామగారి నోటే విన్నాను. ఇంకేం, మూడూ కలిశాయి! ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"అల్లుడూ, ఆ హ వేరు."

"హ హే కదండీ?"

"కాదు! ఆవులో ఉన్నది మామూలు హ. మన మూలంలో ఉన్నది గొంతులోంచి గీరుకుంటూ వచ్చే హ. చూడటానికి దగ్గర చుట్టాల్లా ఉంటారు గానీ, ఒకరి ఇంటికి ఒకరు రారు." ఆ గీరుకునే హ ఎలా ఉంటుందో చూపించారు. చూసి నేనూ ప్రయత్నించాను. ఇద్దరం కలిసి అంటూ ఉంటే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి దగ్గు మందు సీసా ఇచ్చి వెళ్ళింది.

ఆదివారం భోజనానికి ఓ చేపల వ్యాపారిని పిలిచానని అప్పుడే బయటపెట్టారు మామగారు. "అయితే నేనూ ఒకర్ని పిలుస్తాను" అంది మరదలు.

ఆదివారం బేకరీ అన్నయ్య బుట్టెడు రొట్టెలతో వచ్చాడు. నేను మాంసం పట్టుకెళ్ళాను. పాలాయన క్యాను మోసుకొచ్చి గుమ్మం పక్కనే నిలబడ్డాడు, ఎవరూ కూర్చోమనలేదని. కాసేపటికి చేపలాయన దిగాడు, భుజం మీద మనిషి చెయ్యంత చేపతో. వెనక ఒకావిడ, చేతిలో కత్తిపీట.

మామగారు ఎదురెళ్ళి, "రండి రండి! వీరు మీ అక్కగారా?" అన్నారు.

"మా ఆవిడండీ. చేప బాగు చెయ్యడంలో నాకంటే చెయ్యి తిరిగిన మనిషి. ఎక్కడ కొయ్యమంటారు?"

తీరా చూస్తే, మామగారు ఆయనతో పెళ్ళి మాటే ఎత్తలేదు. 'ఆదివారం పెద్ద చేపతో రండి' అన్నారంతే. ఆయన బేరమనుకున్నాడు.

ఇక ఇంట్లో మొదలైంది. "పెళ్ళైనవాణ్ణా తెచ్చారు?" అని మా వదిన, "కనీసం అడగాలి కదా నాన్నా" అని మా ఆవిడ, రొట్టెల మీద చేప పెట్టారని బేకరీ అన్నయ్య, చేప తాజాది కాదని ఎవరన్నారో చెప్పమని చేపలాయన. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరో విసిరిన రొట్టె మామగారి నుదుటికి తగిలింది. ఆయన వెలిగిపోతూ లేచి నిలబడ్డారు.

"ఆగండాగండి! హీబ్రూలో యుద్ధాన్ని 'మిల్హమా' అంటారు. ఈ హల్లులే! యుద్ధం కూడా వచ్చేసింది మనింటికి!"

అరుపులాపి అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ సందులో మరదలు ముందుకొచ్చింది. ఇంతకాలం నాన్న పుస్తకాలు దులపడమే కాదు, కాస్త చదివినట్టుంది కూడా.

"నాన్నా, గీజ్‌కి చుట్టమేగా అమ్హారిక్, ఆ భాషలో ఆవుని ఏమంటారు?"

"లామ్."

"అందులో హ ఏది?"

"రాలిపోయిందమ్మా."

"రాలిపోయిన అక్షరం కోసమా నా పెళ్ళి ఆపుతున్నారు?"

మామగారు తల గోక్కున్నారు. ఆయన మొండివాడే గానీ అబద్ధమాడే మనిషి కాదు. "రాలింది నిజమే. కానీ రాలింది మామూలు హ కదా తల్లీ, గొంతు హ కాదుగా" అన్నారు బాధగా. మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటిదాకా నోరు విప్పని పాలాయన మెల్లిగా అడిగాడు. "ఆ గొంతు హ ఎలా ఉంటుందండీ?"

మామగారు చూపించారు.

"ఇలాగాండీ?" అని పాలాయన ఒక్కసారి అన్నాడు. లోతుగా, గరగరలాడుతూ, కిటికీ అద్దం జివ్వుమనేలా వచ్చింది. మామగారు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"మళ్ళీ అను."

మళ్ళీ అన్నాడు. "దూరంగా మేసే ఆవుల్ని పిలవాలి కదండీ. గొంతు అడుగునించి రాకపోతే అవి వెనక్కి తిరగవు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

మామగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా ఉద్యోగమంతా ఈ ఒక్క శబ్దం నేర్పడానికే సరిపోయింది. ఒక్క విద్యార్థికీ ఇలా పలకలేదు. బాబూ, ఇప్పుడు 'హలీబ్' అను."

"హలీబ్."

"దానర్థం తెలుసా? పాలు! అరబ్బీలో హలీబ్, హీబ్రూలో హలావ్. ఇందులోది గొంతు హే! ఆవు వైపే చూస్తూ కూర్చున్నాను, పాల సంగతే తట్టలేదు నాకు!"

"రోజూ కాఫీలో పోసుకుంటూనే ఉన్నారుగా" అన్నారు అత్తగారు. ఆ మాటంటూనే పాలాయనకి కుర్చీ వేసి, ముందుగా అతనికే వడ్డించారు.

ఆ పై నెలలో పెళ్ళైపోయింది. చేపలాయనా వాళ్ళావిడా దగ్గరుండి వంట చేశారు. మరదలు ఇప్పుడు గమ్ బూట్లేసుకుని కొట్టం కడుగుతుంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. మామగారు వారానికి రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి అల్లుడికి పాఠం చెబుతారు. మాతో ఎన్నడూ అంతసేపు మాట్లాడలేదని బేకరీ అన్నయ్యకి లోపల్లోపల ఉడుకు.

మొన్న మా మూడేళ్ళ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నారు. ఉన్నట్టుండి, "అల్లుడూ, ఉప్పు! అరబ్బీలో మిల్హ్. మ-ల-హ. మన మూడు హల్లులే, వరస మారాయంతే! మీ ఎరుకలో ఉప్పు వ్యాపారులెవరైనా..." అన్నారు.

ఆయన మాట పూర్తి కాకముందే అత్తగారు పిల్లని ఎత్తుకుని పడగ్గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.