పేరు లేని తెల్లకుక్క

చౌడయ్య కోవిల్‌పట్టి దగ్గరి పల్లె నుంచి విరుదునగర్ దాకా కుక్కని నడిపించుకుపోయాడని ఆ ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. ఒట్టి మాట. కుక్కే ఆయన్ని ఈడ్చుకుపోయింది. మాఘం దాటే మాసి నెల ఎండలో, ముప్పై మైళ్ల పైచిలుకు దారిలో, ముందు దూడంత తెల్లకుక్క, వెనక పగ్గం పట్టుకుని వెల్లకిలా వాలిపోతూ నలభై అయిదేళ్ల మనిషి. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఒళ్లోని పత్తి కింద పడేసుకుని మరీ నవ్వారు.

రైల్లో పోవచ్చుగా అంటారేమో. పోబోయాడు. స్టేషన్లో అది ఎవరిదో అన్నం మూట లాగేసింది, గార్డు పచ్చజెండాతోనే ఇద్దర్నీ బయటికి అదిలించాడు. బండి కట్టబోతే ఎద్దులు దాన్ని చూసి కాడి దించుకున్నంత పని చేశాయి. ఇక నడక తప్ప దారి లేకపోయింది. కుక్కని తప్పు పట్టకండి. దానికి నడక నేర్పిన నాథుడు లేడు. పుట్టిన మూడో నెల నుంచి రెండేళ్లపాటు చేను మధ్య కొట్టంలో, గుంజకి కట్టేసి, నలుగురి కంటా పడకుండా పెంచాడు చౌడయ్య. గొలుసు పొడవెంతో అదే దానికి తెలిసిన లోకం. కుక్కని ఎందుకు దాచాల్సి వచ్చిందో చెబితే చౌడయ్య మీద మీకున్న నవ్వు కాస్తా పోతుంది.

తమిళనాట స్థిరపడ్డ చౌడయ్య వాళ్ల తెలుగు కులంలో ఆడపిల్ల కాపురానికి పోయేటప్పుడు ఇంట పుట్టిన తెల్లకుక్క కూనల్లో అన్నిటికన్నా మేలైనదాన్ని వెంట పంపుతారు. ఆ జాతి కుక్కల్ని అమ్మరు, కొనరు. అత్తగారు కూనని ఒళ్లోకి తీసుకుని, "మా బిడ్డతో సమానంగా పెంచుకుంటాం" అని నలుగురి ముందూ మాట ఇస్తుంది. ఆ తెల్లజాతిలో ఒక ఇబ్బంది ఉంది. ఈతకి ఒకటి రెండు చెవిటివి పుడతాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు. అందుకని కూనలు కాస్త ఎదిగాక వెనకనుంచి ఇత్తడి తాంబాళం మోగించి చూస్తారు. ఉలిక్కిపడని కూనని ఇంట్లోనే ఉంచుకుని సాకుతారు, ఎన్నడూ గడప దాటించరు.

చెల్లెలు చిన్నతాయి పెళ్లికి నెల ముందు చౌడయ్య ఇంటి వెనక కొట్టంలో తలుపు వేసుకుని తాంబాళం మోగించాడు. రెండు కూనల్లో ఒకటి గెంతి గడ్డిమోపుల మీదికెక్కింది. రెండోది పాలగిన్నెలోంచి తల ఎత్తలేదు. గెంతినదాని ఛాతీ, కాళ్ల ఎముక చూస్తే ఆయనకి ఆశ పుట్టింది. అలాంటి కూన కోసం ఆయన పదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. విరుదునగర్ అంచున మిరపకాయల వ్యాపారం చేసుకునే చెల్లెలి అత్తవారింట్లో వేటా పాడా, చూడ్డానికి బాగుంటే చాలదూ అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చెవిటిదాని మెడకి ఎర్రదారం కట్టి చెల్లెలితో పంపాడు. మంచిదాన్ని చేనుకి తరలించాడు.

తల్లీ తండ్రీ పోయాక చిన్నతాయిని ఎత్తుకుని పెంచినవాడు చౌడయ్యే. ఆ పిల్లకి అన్న చెప్పిందే నిజం.

పెళ్లయిన రెండో నెలలో కబురు వచ్చింది. చిన్నతాయి వాళ్ల వాకిట్లోనే కూన మిరపకాయల బండి కింద పడి చచ్చిపోయిందట. ఎద్దుల మెడ గంటలు వీధి చివరి నుంచే వినబడతాయి. వినేవాళ్లకి. చౌడయ్య ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే లేచిపోయాడు. కానీ విరుదునగర్ పోలేదు. తొలికాన్పుకి చెల్లెల్ని పుట్టింటికి తీసుకురావాల్సి వచ్చినప్పుడు కూడా, పత్తి పనులు, ఇంట్లో సరిగ్గా చూసుకునేవాళ్లు లేరు అని ఏవేవో చెప్పి తప్పించుకున్నాడు. వస్తే చేనుకి పోకుండా ఉంటుందా, కుక్కని చూడకుండా ఉంటుందా? కాన్పు అక్కడే అయింది. చౌడయ్య భార్య పాపమ్మాళ్ ఒక్కతే పోయి పది రోజులుండి వచ్చింది. బిడ్డకి మూడో నెల రాగానే మళ్లీ వెళ్లొచ్చింది. వచ్చిన సాయంత్రం గుమ్మంలోనే కూలబడింది. మేనరికం కాబట్టి ఆమె భర్తని మామా అనే పిలుస్తుంది.

"పాలిచ్చేదానికి మాత్రం చిన్నతాయి చేతికి బిడ్డని ఇస్తారు మామా. పాలు తాగినాక మల్లా తీసుకుంటారు. ఎత్తుకొని వాకిట్లోకి పోనియ్యరు. 'కుక్కకూననే కాపాడలేని చెయ్యి, బిడ్డని ఎట్ల కాపాడతాది' అంటాది అత్త. చిన్నతాయి ఒక మాట ఎదురు చెప్పలేదు. ఉత్త చేతుల్తో తొట్టిల పక్కన కూకోనుంటాది."

చౌడయ్య లేచి చేను దారి పట్టబోయాడు.

"ఆపొద్దు తాంబాళం మోత నేనూ వింటిని మామా," అంది పాపమ్మాళ్. "నేనూ నోరు మూసుకొనుంటిని. ఆ పావం నాకూ ఉండాది. నువ్వు పోయి చెప్పేసిరా."

మర్నాడు చౌడయ్య బయల్దేరాడు. చెప్పడానికే బయల్దేరానని అనుకున్నాడు కానీ, మరి కుక్క ఎందుకు వెంట? దాన్ని తీసుకుపోయి ఆ వాకిట్లో కట్టేస్తే, మంచి కుక్కని చూసి అత్తగారు మెత్తబడితే, ఇక నోరు విప్పాల్సిన పని ఉండదేమోనని మనసులో ఒక మూల ఆశ. నోటితో చెప్పాల్సినదాన్ని కుక్క చేత చెప్పించాలని చూశాడు మహానుభావుడు.

కుక్కకి ఇవేవీ పట్టలేదు. దానికి లోకమంతా కొత్త. తొండ కనబడితే అటు, కాకి కనబడితే ఇటు. గొర్రెల మందలోకి దూరి కాపరి చేత చౌడయ్యకి తిట్లు తినిపించింది. పగ్గం ఒరుసుకుని ఆయన అరచెయ్యి పొక్కులు లేచింది. తుండుగుడ్డ చుట్టుకుని పట్టుకున్నాడు. నడుముకి కట్టుకుని చూశాడు, ఒక చెవులపిల్లి లేవడంతో చాళ్ల మీదుగా పొర్లించుకుపోయింది. నోటినిండా నల్లమట్టితో లేచి, "నిన్ను..." అని చెయ్యెత్తాడు. అది తోక ఊపింది. ఎత్తిన చెయ్యి దింపేశాడు. దాన్ని కొట్టే మొహమా తనది?

అన్నిటికన్నా ఆయన్ని బాధపెట్టినవి దాని చెవులు. ఎక్కడో బండి గంట మోగితే చాలు, ఆయనకి వినబడకముందే అది ఆగి చెవులు అటు తిప్పేది. బండి పక్కనుంచి పోయేదాకా దారి పక్కకి జరిగి నిలబడేది. ఆ పని దానికి ఎవరూ నేర్పలేదు. చెవులున్నాయి, విన్నది, జరిగింది. అంతే.

సాత్తూరు దగ్గర ఏటి ఇసకలో అది సోలైమలై అనే ముసలాయన దోసకాయల గంప మీద పడింది. కాయలన్నీ ఇసకలో దొర్లాయి. చౌడయ్య వంగి ఏరుతుంటే ముసలాయన కోపం మానేసి కుక్కని ముచ్చటగా చూశాడు. దీని పేరేమిటని తమిళంలో అడిగాడు. పేరు లేదని చెప్పాడు చౌడయ్య. రెండేళ్ల కుక్కకి, ఇంత అందమైనదానికి, పేరు లేకపోవడమేమిటి, ఎక్కడైనా దొంగిలించావా అని నవ్వాడు ముసలాయన. ఆయన నవ్వులాటకే అన్నాడు. చౌడయ్య చేతిలోని దోసకాయలు మళ్లీ ఇసకలో పడ్డాయి. దాచి పెంచేదాన్ని పేరు పెట్టి ఎలా పిలుస్తాడు? రెండేళ్లూ "ఒరే" అనే పిలిచాడు.

ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకుని, మర్నాడు ఎండ ముదరకముందే విరుదునగర్ చేరాడు. ఊరికి ఆ పేరు పెట్టి పదేళ్లయినా చౌడయ్య లాంటివాళ్ల నోట ఇంకా విరుదుపట్టే. చిన్నతాయి అత్తవారి ఇల్లు ఊరి అంచున, బండ్లబాట పక్కనే. వాకిలంతా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. చిన్నతాయి వాటిని కాలితో తిరగేస్తోంది. అత్తగారు కమలమ్మాళ్ పంచలో చీరతొట్టిల ఊపుతోంది. తొట్టిల్లో బిడ్డ.

చిన్నతాయి తల ఎత్తి అన్నని చూసింది. "అన్నా!" అని మొహం విప్పారింది. తర్వాత కుక్కని చూసింది. విప్పారిన మొహం అలాగే ఆగిపోయింది.

చౌడయ్య ఏదో అనబోయేలోగా కుక్కకి తొట్టిల ఊగడం కనబడింది. ఊగేదాన్ని అది ఎప్పుడూ చూసి ఉండదు. ఒక్క ఊపున మిరపకాయల మీదుగా దూకింది. చౌడయ్య బోర్లా పడ్డాడు, పగ్గం జారిపోయింది. ఘాటు లేచి కళ్లు మండుతుంటే, దగ్గుతూ, కనిపించీ కనిపించనట్టు చూశాడు. కుక్క పంచ మెట్టు ఎక్కకముందే చిన్నతాయి అడ్డంగా పడి పగ్గం అందుకుంది. అది గుంజింది. ఆమె మోకాళ్ల మీద ఈడ్చుకుంటూ పోయింది గాని వదల్లేదు. స్తంభానికి కాలు తన్నిపెట్టి, పగ్గాన్ని మోచేతికి చుట్టుకుని ఆపింది. తొట్టిలకి దానికీ మధ్య జానెడు దూరం. కుక్క తుమ్మి తోక ఊపింది.

కమలమ్మాళ్ బిడ్డని తీసి గుండెకి అదుముకుంది. వెంటనే కోడలి మీద విరుచుకుపడింది.

"చూస్తివా నీ పుట్టింటి సంబడం! ఆ కూనని సంపితివి. ఇప్పుడు దీనితో నా మనమణ్ణి సంపిద్దామనా? నీ చేతిలో ఏది బతుకుతాది!"

చిన్నతాయి మోకాళ్లు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. పగ్గం బిగుతుకి చెయ్యి ఎర్రగా కమిలింది. ఆమె అన్న వైపు చూడలేదు. ఆ చూడకపోవడం చౌడయ్య తట్టుకోలేకపోయాడు.

"అత్తా," అన్నాడు లేచి. "ఆ కూన సెవుటిది."

"ఏ కూన?"

"పెండ్లినాడు నేనిచ్చింది. దానికి పుట్టినప్పట్నుంచి సెవులు లేవు. నాకు తెలుసు. తాంబాళం కొట్టి చూసే ఇస్తిని. ఇదిగో, ఈ మంచిదాన్ని నేను దాచుకుంటిని. అది బండి కింద పడింది నా చెల్లెలి వల్ల కాదత్తా. దాన్ని సంపింది నేను."

మాట పూర్తయ్యాక చౌడయ్యకి గుండె తేలిక కాలేదు. తేలికవుతుందని దారంతా అనుకున్నాడు. ఇంకా బరువెక్కింది.

కమలమ్మాళ్ది గయ్యాళి గొంతేగాని అబద్ధం సహించే మనిషి కాదు. కాసేపు చౌడయ్యని పైనుంచి కిందికి చూసింది. ఆయన్ని ఒక్క తిట్టూ తిట్టలేదు. కోడలి వైపు తిరిగింది.

"ఇది నీకు తెలుసునా?"

"బండి కింద పడిన పొద్దు తెలిసింది అత్తా," అంది చిన్నతాయి. "ఈ మెట్టు మీద నిలబడి అరిస్తిని. గొంతు పోయేమట్టుకి అరిస్తిని. అది నా పక్క తిరగనేలేదు. ఆట ఆడుకుంటానే ఉండె."

"మరి ఇన్ని నెల్లూ నేను అన్ని మాటలు అంటుంటే, ఏల చెప్పలేదే?"

చిన్నతాయి తల వంచుకుంది. "అన్న తప్పు ఎట్ల చెప్పేది అత్తా?"

కమలమ్మాళ్ బిడ్డని ఒకసారి సరిచేసుకుని, మెట్టు దిగి వచ్చి, కోడలి చేతిలోంచి పగ్గం లాగి చౌడయ్య వైపు విసిరేసింది. ఆ ఖాళీ అయిన చేతుల్లో బిడ్డని పెట్టింది. "తీసుకో. పొద్దు తిరిగేమట్టుకి నాకియ్యొద్దు. ఏడన్నా తిప్పుకో," అని కళ్లొత్తుకుంటూ లోపలికి పోయింది. మిరపకాయల ఘాటు అని అనుకోవచ్చు.

చిన్నతాయి బిడ్డ మెడ కింద చెయ్యి వేసి, మొహం మొహానికి ఆనించుకుని చాలాసేపు అలాగే నిలబడింది. వాకిట్లో, ఎండలో, అందరికీ కనబడేటట్టు. చౌడయ్య పగ్గం పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. ఆమె ఒక తిట్టు తిట్టినా, ఒక ఏడుపు ఏడ్చినా దాన్నే పట్టుకుని బతికేవాడు.

"ఇది నీదేనమ్మా," అన్నాడు చివరికి. "అప్పుడే నీకు రావాల్సింది. నీకే తెస్తిని."

చిన్నతాయి కుక్క వైపు చూసింది.

"దీనికి సెవులు వినబడతాయా అన్నా?"

కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగింది.

"వినబడతాది తల్లీ. సత్తియంగా."

చిన్నతాయి తల ఊపింది. బిడ్డని ఎత్తుకునే మిరపకాయల పక్కనుంచి నడిచి, కుక్క వెనక పది అడుగుల దూరం పోయి నిలబడింది. "ఇటు రా," అని మెల్లగా పిలిచింది. కుక్క గిరుక్కున తిరిగింది. ఆ విసురుకి చౌడయ్య మళ్లీ తూలాడు.

"సరి, కట్టేసి పో," అందామె.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అన్న చెప్పిన మాటని చిన్నతాయి నిజమో కాదో చూసుకోవడం అదే మొదటిసారి.